ఎవరి రంగు కాగితం వాళ్లదే

“రోజంతా ఆ బిళ్లలు ముట్టుకుంటనే ఉంటడు. వేళ్ల సందుల నుంచి మందు లోపటికి దిగుతదేమో!”

జయమణి తనలో అనుకోవలసిన మాట పైకే అనేసింది. పేపరు చదువుతున్న దేవకుమార్ కళ్లద్దాల మీదుగా భార్యను చూశాడు.

“ఎవని లోపటికి?”

“మన జెస్విన్ లోపటికి. అవి మామూలు జరం బిళ్లలా? మెదడుకు ఇచ్చేటివి.”

“అన్నీ అట్టల్లో ఉంటయే. రేకు చుట్టి ఉంటది. రేకును కూడ కరిగించి లోపటికి పంపుతవా?”

“మీకు అన్నీ నవ్వులాటలే. రేపు ఏమన్నా అయితే అప్పుడు తెలుస్తది.”

రేపు ఏమన్నా అవుతుందన్న భయం లేకుండా జయమణి ఒక్క రోజూ పొద్దు గడపలేదు. జెస్విన్‌కు ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా, అబిడ్స్ జీపీవో దగ్గర రోడ్డు దాటి ఉంటాడా లేదా అని పదింటికి ఒకసారి ప్రార్థన చేసుకుంటుంది. అతను పనిచేసేది చిరాగ్ అలీ లేన్‌లో ఒక మానసిక వైద్య క్లినిక్. మంచాలు, వార్డులు ఉండవు. పేషెంట్లు వచ్చి చూపించుకుని, మందులు తీసుకుని ఇంటికి వెళ్లిపోతారు. పై అంతస్తులో డాక్టరు, మిగతావాళ్లు. కింద రోడ్డు పక్కన మందుల కౌంటరు, ఆ కౌంటరు వెనక జెస్విన్.

ఈసారి భయానికి మాత్రం ఆమె దగ్గర ఆధారాలున్నాయి. నెల దాటింది, పెట్టిన అన్నం డబ్బా పెట్టినట్టే తిరిగొస్తోంది. బాత్రూంలో నల్లా తిప్పుకుని తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. నీళ్ల చప్పుడులో ఒక్క మాటే బయటికి వినిపిస్తోంది. “భయపడకు, భయపడకు” అని. ఇక వాన పడితే చాలు, నీలం ప్లాస్టిక్ టబ్బు నెత్తిన బోర్లించుకుని మిద్దె మీద కూర్చుంటున్నాడు.

“టబ్బెందుకు బిడ్డా?” అని అడిగితే, “ఫోన్ తడుస్తది గద అమ్మా” అన్నాడు.

మనిషి తడిసినా ఫరవాలేదు గానీ ఫోను తడవకూడదంటే, ఇక ఆ తలలో ఏం మిగిలినట్టు?

జయమణి ఏడో తరగతి దాకా చదివింది. ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. మతి తప్పుతున్న కొడుకును ఎవరికి చూపించాలో ఆమెకు తెలియదు. తెలిసింది ఒక్కటే చోటు, కొడుకు పనిచేసే చోటు. “పైన మావోళ్లు మస్తు మంచోళ్లమ్మా” అని అతనే ఎన్నోసార్లు చెప్పాడు. పైగా బుధవారం నాడు సరుకు తేవడానికి అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లి మూడింటిదాకా రాడు.

బుధవారం పదకొండింటికి, నాంపల్లి నుంచి గొడుగేసుకుని నడిచి, పక్క సందులోని మెట్ల మీదుగా పైకెక్కింది.

పేరు అడిగితే మెదక్‌లో ఉన్న చెల్లెలి పేరు చెప్పింది, కేథరిన్ అని. పేషెంటు ఎవరంటే అక్క కొడుకు అంది. ఏం పని చేస్తాడంటే దుకాణంలో అంది. మూడు మాటల్లో ఒకటి మాత్రం నిజమేనని మనసులో దేవునికి చెప్పుకుంది.

ఆమె పేరున ఒక ఫైలు తయారైంది. అందులో మూడు రంగుల కాగితాలు. ఆకుపచ్చది ఇంటి పరిస్థితులు కనుక్కునే సోషల్ వర్కర్‌ది. పసుప్పచ్చది మాట్లాడి మనసు తెలుసుకునే సైకాలజిస్టుది. తెల్లది డాక్టరుది. మూడూ ఒకే ఫైల్లో ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. అయినా ఎవరి రంగు కాగితం వాళ్లే చదువుకునేవారు. పక్కవాళ్ల కాగితం తిరగేయడం, పక్కింటి కిటికీలోకి తొంగిచూసినంత మర్యాద తక్కువ పని అని ఆ క్లినిక్‌లో అందరి నమ్మకం.

ఆకుపచ్చ కాగితం రవిచంద్ర బొద్దుగా, హడావిడిగా ఉన్నాడు.

“పిల్లగాడు తాగుతడా అమ్మా?”

“ఛ ఛ! ప్రార్థన చేసే పిల్లగాడు.”

“గంజాయి?”

“ప్రభువా!”

“ప్రతి ఇంట్ల ఫస్టు గిదే అంటరమ్మా. కండ్లు ఎర్రగైతయా?”

“ఉల్లిగడ్డ కోసినప్పుడు అయితయి.”

“ఉల్లిగడ్డ ఆయనెందుకు కోస్తడు?”

“నాకు... మా అక్కకు సాయం చేస్తడు.”

మిద్దె, వాన, నీలం టబ్బు సంగతి విని రవిచంద్ర పెన్ను ఆపాడు. “ఫోన్ పట్టుకొని ఒక్కడే కూసుంటడా? ఎవరో గంజాయి తెచ్చిచ్చేటోడు ఉన్నడు. ఒకసారి ఇంటికొచ్చి సూస్త” అంటూనే రాసుకున్నాడు.

ఇంటికొస్తాడనగానే జయమణికి చెమట పట్టింది. టబ్బు తప్ప ఇంకేమీ చెప్పకుండా లేచింది.

పసుప్పచ్చ కాగితం గదిలో పాతికేళ్ల పిల్ల. జడముడిలో పెన్ను గుచ్చుకుని, ఆ పెన్ను కోసమే బల్లంతా వెతుకుతోంది. గుమ్మం మీద లహరి అని పేరు. మాట వినేటప్పుడు తల కాస్త పక్కకు వంచుతుంది. ఆ వంపు చూడగానే జయమణికి ప్రాణం నెమ్మదించింది. ఇలాంటి పిల్ల ఇంట్లో ఉంటేనా అనుకుంది. మరుక్షణమే, పిచ్చివాడికి పిల్లనెవరిస్తారని కళ్లు తుడుచుకుంది.

“పెన్ను నీ తలలనే ఉంది బిడ్డా.”

“అయ్యో! థాంక్సండీ. చెప్పండి, ఆ అబ్బాయికి ఏమైంది?”

అన్నం డబ్బా సంగతి చెప్పింది. లహరి అంతా రాసుకుని తలెత్తింది.

“జబ్బేమీ కాకపోవచ్చండీ. ఇంట్లో చెప్పాల్సిన మాటేదో గొంతులో ఆగిపోయి ఉంటుంది. అలాంటప్పుడు ముద్ద దిగదు. వాళ్ల అమ్మగారు ఊరికే భయపడిపోయే మనిషా?”

“మా అక్కనా?” జయమణి గొంతు లేచింది. “అస్సలు భయపడదు! రాయి లెక్క ఉంటది!”

తెల్ల కాగితం డాక్టర్ జగన్మోహనరావు. నాలుగు నిమిషాల మనిషి. బాత్రూంలో వినిపించే “భయపడకు” గురించి మాత్రం రెండుసార్లు అడిగాడు.

“ఎవరో తనతో మాట్లాడుతున్నట్టు జవాబు చెబుతాడా?”

“ఏమో సార్. నల్లా నడుస్తుంటది.”

“చూడకుండా మందు రాయను. అబ్బాయిని తీసుకురండి. ఆలస్యం చేయకండి.”

ఆలస్యం చేయకండి. ఆ ఒక్క మాట పట్టుకుని జయమణి వానలో ఇల్లు చేరింది. గొడుగు క్లినిక్‌లోనే మరిచిపోయింది.

ఒకరు గంజాయి అన్నారు. ఒకరు ఏమీ లేదు, తప్పంతా తల్లిదే అన్నట్టు మాట్లాడారు. ఒకరు ఆలస్యం వద్దన్నారు. ఏది నమ్మాలి? ఆ వారమంతా కొడుకు చొక్కాలు వాసన చూస్తూ గడిపింది.

“ఏం చేస్తున్నవే?” అన్నాడు దేవకుమార్.

“వాసన సూస్తున్న.”

“అది ఉతికి ఆరేసిన చొక్కా!”

“గందుకే అనుమానం. ఏ వాసనా లేదు.”

మళ్లీ బుధవారం వచ్చింది. వాన పొద్దున్నే మొదలై, అబిడ్స్ రోడ్డును కాలువ చేసింది. జయమణి సందు మెట్లు సగం ఎక్కిందో లేదో, కింద కౌంటరు దగ్గర కొడుకు గొంతు వినపడింది. వానకు అఫ్జల్‌గంజ్ వెళ్లినట్టు లేడు. మెట్ల మలుపులో గోడకు అతుక్కుపోయింది.

“ఏమండీ ఫార్మసీ గారూ, ఈ బొమ్మేమిటి?” అది లహరి గొంతు.

చదువు రాని పేషెంట్ల కోసం జెస్విన్ మందు కవర్ల మీద పొద్దుటి మాత్రకు సూర్యుణ్ణి, రాత్రి మాత్రకు చంద్రుణ్ణి గీస్తాడు.

“చంద్రుడు మేడమ్.”

“నా పేషెంటు అరటిపండు అనుకుంది. వారం నుంచి పొద్దున్నే అరటిపండు తిని మరీ ఈ మాత్ర మింగుతోంది. మింగి, నా ముందు కూర్చుని గురక పెడుతోంది.”

“అరే! నిద్ర బిళ్ల పొద్దుగాల వేసుకుంటుందా? ఓ మై గాడ్. అందుకేనా మీరు బద్ధకం ఎక్కువైందని రాసిన్రు?”

“రాశాను. డాక్టరుగారికీ మగతగా కనిపించి, ఆ మగతకి ఇంకో మాత్ర రాశారు. నువ్వు ఒక్కసారి పైకొచ్చి చెప్పొచ్చుగా!”

“నువ్వు ఒక్కసారి కిందికొచ్చి అడగొచ్చు గద!”

“వచ్చాను కదా ఇప్పుడు.”

“అరటిపండు కోసం వచ్చినవ్. నా కోసం కాదు.”

నవ్వులు వినపడ్డాయి. వాన కూడా ఒక్క క్షణం చప్పుడు తగ్గించి విన్నట్టుంది. తర్వాత లహరి గొంతు చిన్నదైంది.

“ఇంట్లో చెప్పావా?”

“లేదు.”

“నలభై రోజులైంది జెస్విన్.”

“ఎట్ల చెప్పాలె? మా అమ్మ గుండె ఆగిపోతది.”

“దాస్తున్నకొద్దీ ఇంకా పెద్దదవుతుంది. ఇంక ఎక్కువ రోజుల్లేవు. ఆదివారం దాకానే.”

జయమణి చేతిలో సంచి జారి మెట్ల మీద పడింది.

ఆదివారం దాకానే! కొడుక్కి తెలుసు. ఆ పిల్లకీ తెలుసు. అంతా తెలిసే ఆ పిల్ల, జబ్బేమీ కాకపోవచ్చని తన ముఖం మీద చెప్పిందా? లోపల పెరుగుతున్నది ఏమిటి? గడ్డా? ఏ అవయవంలో?

ఎలా ఎక్కిందో తెలియదు. పైన వరండాలో నిలబడి గొంతెత్తింది.

“ముగ్గురు మూడు తీర్ల చెప్పిన్రు! ఒక్క కప్పు కింద కూసుంటరు, ఒకరితోని ఒకరు మాట్లాడుకోరా? నా పిల్లగాని బతుకు మీ మూడు కాగితాల మధ్య చిక్కింది! ఇప్పుడే, నా ముంగట, ముగ్గురు కలిసి ఒక్క మాట చెప్పున్రి!”

డాక్టర్ జగన్మోహనరావు బయటికొచ్చాడు. మందలించబోయి, తడిసి ముద్దయి నిలబడ్డ ఆమెను చూసి ఆగాడు.

“రవిచంద్రా, రండి. లహరిని కూడా పిలవండి. ఈమె ఫైలు తెండి.”

క్లినిక్ తెరిచి ఆరేళ్లైంది. ఒకే బల్ల చుట్టూ ముగ్గురూ కూర్చోవడం ఆ రోజే మొదలు. ఎక్కడ కూర్చోవాలో తెలియక రవిచంద్ర రెండు కుర్చీలు మారాడు. మెట్లెక్కి వచ్చిన లహరి చెంపల మీద ఇంకా వాన చుక్కలున్నాయి.

“ఒకరి కాగితం ఒకరు చదువుదాం,” అన్నాడు డాక్టరు, ఏదో పెద్ద సాహసానికి పూనుకుంటున్నట్టు.

డాక్టరు పసుప్పచ్చది అందుకున్నాడు. “అన్నం ముట్టడం లేదు, నెల దాటింది... తల్లికి ఏదో చెప్పలేకపోతున్నాడు... ఊఁ! ఇది నాకెవరూ చెప్పలేదే?”

“రాశాను కదా సార్.”

రవిచంద్ర తెల్లది చదివాడు. “తనలో తాను ‘భయపడకు’ అంటున్నాడు... అరె, గంజాయి తాగినోడు భయపడకు అని ఎందుకంటడు సార్? వానికి భయమే ఉండదు.”

“గంజాయా? ఎవరన్నారు?”

“ఆకుపచ్చ కాగితం మీద నేనే రాసిన.”

ఆకుపచ్చ కాగితం లహరి చేతిలో ఉంది. ఆమె పైకి చదవలేదు. ఒకసారి చదివి, మళ్లీ మొదటికొచ్చింది. నీలం ప్లాస్టిక్ టబ్బు. వాన. మిద్దె. ఫోను. వాన పడినప్పుడల్లా తనకు వచ్చే ఫోనులో వినిపించే టపటప చప్పుడు అదే. కాగితం మీదుగా జయమణి వైపు చూసింది. నుదురు, ముక్కు, కంగారుగా తిరిగే కళ్లు. ముఖంలో రంగు మారింది.

“అండీ... మీ పేరు కేథరిన్ కాదు కదా?”

జయమణి తల దించుకుంది. “కాదు. జయమణి.”

“జయమణి ఎవరు?” అన్నాడు డాక్టరు.

“జెస్విన్ వాళ్ల అమ్మగారు సార్,” అంది లహరి, గాలి వదిలినట్టు.

అదే సమయానికి తలుపు తోసుకుని జెస్విన్ వచ్చాడు. చేతిలో అరటిపండు లాంటి చంద్రుడున్న కవరు. పైకొచ్చి చెప్పమన్నారుగా, చెప్పడానికే వచ్చాడు.

“సార్, ఆ నిద్ర మాత్ర సంగతి... అమ్మా! నువ్వు గీడ ఏం చేస్తున్నవ్?”

“నువ్వు సచ్చిపోతున్నవంట గద బిడ్డా!” జయమణి ఒక్కసారి బావురుమంది.

“నేనా? ఎవరన్నరు?”

“నువ్వే అన్నవ్! మెట్ల మీద ఇన్న. ఆదివారం దాకనే అని ఈ పిల్ల అన్నది!”

జెస్విన్ లహరిని చూశాడు. లహరి జెస్విన్‌ని చూసింది. డాక్టరు ఇద్దర్నీ చూశాడు. రవిచంద్ర మాత్రం లహరి చేతిలోంచి ఆకుపచ్చ కాగితం తీసుకుని, గంజాయి అన్న మాటను మెల్లగా కొట్టేశాడు.

జెస్విన్ తల్లి ముందు కిందనే కూర్చున్నాడు. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. బాత్రూంలో నలభై రోజులు చెప్పుకున్న మాటలే అయినా, నల్లా చప్పుడు లేకపోయేసరికి తడబడ్డాడు.

“అమ్మా, ఒక మాట చెప్పాలె. భయపడకు.”

“ఏ అవయవం బిడ్డా?”

“అవయవం కాదమ్మా! లహరి. ఈ లహరి. వస్తాంటే పోతాంటే కొట్లాడుకునేటోళ్లం. ఒకరోజు పెద్ద వాన. పుస్తకాల షాపు ముంగట ఆగినం. మనం పెండ్లి చేసుకుందామా అని అడిగిన. జవాబు చెప్పలే. ముందు మీ అమ్మకు చెప్పు, ఆ తర్వాతనే నా జవాబు అన్నది. నీకు చెప్పాలంటే నువ్వేమైతవో అని నాకు భయం. అన్నం దిగుతలేదు. అంతే. ఇదే జబ్బు.”

“మరి ఆదివారం?”

ఈసారి లహరి చెప్పింది. “మా నాన్నగారు ఎవరినో చూశారండీ. ఆదివారం వస్తున్నారట. అప్పటికి నేను ఏదో ఒకటి చెప్పాలి.” కాస్త ఆగింది. “మా అన్నయ్య పెళ్లి చేసుకుని నాలుగు రోజులకి మా అమ్మకి చెప్పాడు. కోడలంటే అమ్మకి చాలా ఇష్టం. అయినా ఆ నాలుగు రోజులు నాకెందుకు చెప్పలేదురా అని ఇప్పటికీ అడుగుతుంది. నా వల్ల ఇంకో అమ్మకి అలా జరగకూడదనుకున్నాను. మీరే వచ్చి నా ముందు కూర్చుంటే, గుర్తుపట్టలేకపోయాను.”

జయమణి కొడుకు తల మీద చెయ్యి వేసింది. గడ్డ లేదు. గంజాయి లేదు. పిల్లవాడు బతికున్నాడు. పావుగంట క్రితం కొడుకును సమాధుల తోట దాకా మోసుకెళ్లి వచ్చిన మనిషికి, కాబోయే కోడలు గుడికెళ్తుందా చర్చికెళ్తుందా అన్నది ఆ పూటకు పెద్ద కష్టంగా తోచలేదు. రేపు తోస్తుంది. పాస్టరుగారు ఏమంటారో, వాళ్ల నాన్న ఏమంటాడో, ఆ భయాలన్నీ రేపు వరసగా వస్తాయి.

ఇవాళ్టి భయం మాత్రం ఒక్కటే. ఇప్పుడే పుట్టింది. కళ్లు తుడుచుకుని లహరి వైపు తిరిగింది.

“నాకు చెప్పిండు. నేను ఇన్న. గుండె ఆగలే. మరి వాడు అడిగినదానికి నీ జవాబేంది బిడ్డా?”

లహరి జడముడిలోని పెన్ను తీసి, మళ్లీ అక్కడే గుచ్చుకుంది.

జెస్విన్ నేల చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. డాక్టర్ జగన్మోహనరావు నాలుగు నిమిషాలు దాటినా గడియారం చూసుకోలేదు. తలుపు అవతల పేషెంటు ఎవరో దగ్గుతుంటే, రవిచంద్ర లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. ఫ్యాను తిరుగుతోంది. కిటికీ అద్దం మీద వాన జారుతోంది.

కాదంటుందా? జయమణి ఆ పిల్ల పెదవుల వైపే చూస్తోంది. ఇంతసేపు ఎందుకు? అవునని చెప్పడానికి ఇంతసేపు పడుతుందా? నలభై రోజుల్లో మనసు మారి ఉంటుంది. ఆదివారం వచ్చేవాడు బాగా చదువుకున్నవాడై ఉంటాడు. అబద్ధం పేరు చెప్పిన అత్త ఎవరికి కావాలి? తనవల్లే, అంతా తనవల్లే. కొడుకు భుజం మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. ఆ పిల్ల కళ్లలో నీళ్లెందుకు? అవి ఏ నీళ్లు?

లహరి కుర్చీలోంచి లేచింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, జెస్విన్ పక్కనే, జయమణి ముందు, నేల మీద కూర్చుంది.

“అవును అత్తయ్యా,” అంది. “ఆ వానరోజు నుంచీ అవునే. ముందు మీరు వినాలని ఆగాను.”